ఆకాశములో లైన్ క్లియర్

శతవార్షిక సంచికలో సంఘముల చరిత్రను, పాఠశాలల చరిత్రను పెద్దలు వ్రాయుచుండగా, విమానముల సంగతి మీరేల ఎత్తుకొంటిరని కొందరు మమ్ము అడుగవచ్చును. దానికి మా జవాబు ఇది. మనుష్యుడు ఆకాశమున క్రమముగా రాకపోకలు నేర్చుకొన్నది ఈ నూరేండ్లలోనే. మన కుటుంబములలోని బిడ్డలు ఉద్యోగములకై, చదువులకై విమానమెక్కి దూరదేశములకు పోవుట ఆరంభమైనదియు ఈ నూరేండ్లలోనే. కుమార్తెను విమానమెక్కించి ఇల్లు చేరిన తల్లి, "చేరినానమ్మా" అని ఫోను వచ్చువరకు కన్ను మూయదు. ఆ రాత్రి ఆమె ఎరుగని మరి కొందరు కూడ కన్ను మూయక ఆ బిడ్డను కనిపెట్టుచుందురు. వారికి ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లని పేరు. ఒక విమానము మరియొక విమానమునకు దగ్గరగా రాకుండ చూచుట వారి పని. ఆ పని ఎట్లు పుట్టినది, ఎట్టి దెబ్బలు తిని ఈనాటి రూపమునకు వచ్చినది అను సంగతిని మనవారికి తెలియజేయుట మంచిదని తలంచి ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

పట్టాలు నేర్పిన పాఠము

కోసిగివారమైన మనకు ఈ సంగతి అర్థమగుట కష్టము కాదు. మన ఊరు రైలు మార్గము మీద ఉన్నది. మద్రాసు నుండి వచ్చిన మద్రాసు రైల్వే, బొంబాయి నుండి వచ్చిన జి.ఐ.పి. రైల్వే 1871వ సంవత్సరములో రాయచూరు వద్ద కలిసికొనెను. ఆదోని, కోసిగి, తుంగభద్ర స్టేషన్లు ఆ మార్గములోనివే. ఆ మార్గము మొదట వేసినప్పుడు ఒంటి లైను. పోవు బండికి, వచ్చు బండికి ఒకటే పట్టా. అట్టి మార్గములో రెండు బండ్లు ఎదురుపడకుండ కాపాడినది ఏమి?

ఒక చిన్న నియమము. ముందు స్టేషను మాస్టరు "లైన్ క్లియర్" ఇచ్చినగాని ఈ స్టేషను మాస్టరు బండిని వదలరాదు. ఒంటి లైను స్టేషన్లలో డ్రైవరు చేతికి వలయముతో అందించు టోకెనును మన పెద్దలు చూచియుందురు. రెండు స్టేషన్లలోని టోకెను యంత్రములకు విద్యుత్తీగతో సంబంధముండును. ఒక టోకెను బయటికి వచ్చిన తరువాత, అది తిరిగి ఏదో ఒక యంత్రములో పడువరకు రెండవది రాదు. టోకెను చేతిలో ఉన్న డ్రైవరే ఆ పట్టాకు ఆ కొంతసేపు యజమాని. బండికి దారి ఇచ్చునది డ్రైవరు కన్ను కాదు, అవతలి వాని మాట. ఈ నియమమును మనస్సున ఉంచుకొని చదివినయెడల తక్కిన చరిత్ర అంతయు తేటగా కనబడును.

బళ్లారిలో దిగిన టపా

విమానముల చరిత్ర కూడ మన ప్రాంతమునకు దూరపుది కాదు. 1932వ సంవత్సరము అక్టోబరు 15వ తేదీన జె.ఆర్.డి. టాటా చిన్న పస్ మాత్ విమానములో కరాచీ నుండి టపా తీసికొని అహమ్మదాబాదు మీదుగా బొంబాయి చేరెను. అచ్చటి నుండి ఆయన సహచరుడైన నెవిల్ విన్సెంట్ ఆ టపాను బళ్లారి మీదుగా మద్రాసునకు చేర్చెను. ఆ దినములలో ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలోనిదే. 1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రమేర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు బళ్లారి నుండి విడివడి మనవైపు వచ్చినవి. కావున భారతదేశపు తొలి టాటా టపా విమానము ఆగిన బళ్లారి, నాటి కోసిగివారికి స్వంత జిల్లా కేంద్రమే.

ఆ విమానములో రేడియో లేదు. క్రింద నుండి దారి చెప్పు మనుష్యుడును లేడు. పైలటు నేలను, నదులను, రైలు పట్టాలను చూచుకొనుచు పోవలసినదే. ఆకాశమంతటిలో ఒకటి రెండు విమానములే ఉన్నప్పుడు అది చెల్లెను. అవి ఎక్కువైనచోట ఏమి జరుగునో ఐరోపా దేశములవారు అంతకు పదేండ్ల ముందే చూచిరి. 1922వ సంవత్సరము ఏప్రిల్ 7వ తేదీన లండనుకు, పారిస్ నగరమునకు మధ్య తిరుగు రెండు విమానములు ఫ్రాన్సు దేశములో ఎదురెదురుగా వచ్చి ఢీకొనెను. ఏడుగురు చనిపోయిరి. మంచు కమ్మియున్నందున ఇద్దరు పైలట్లును క్రింది రోడ్డునే గుర్తుగా పెట్టుకొని తక్కువ ఎత్తున వచ్చుచుండిరి. దారి తప్పకుండుటకై పట్టుకొన్న గుర్తే ఇద్దరిని ఒకచోట కలిపినది. ఆకాశము ఎంత విశాలమైనను, అందరు ఒకే గుర్తును పట్టుకొని పోయినయెడల అది ఒంటి లైనే యగునని అప్పుడు తెలిసినది.

జెండా నుండి రేడియో వరకు

ఇంగ్లండులోని క్రాయ్‌డన్ విమానాశ్రయములో 1920 ప్రాంతమున కంట్రోల్ టవరును కట్టి, రేడియో ద్వారా పైలట్లతో మాటలాడ మొదలుపెట్టిరి. అమెరికాలోని సెయింట్ లూయీ పట్టణములో 1929లో ఆర్చీ లీగ్ అను ఉద్యోగి పనిముట్లను ఒంటి చక్రపు బండిలో వేసికొని మైదానము మీదికి పోయి, ఎండకు గొడుగు పాతుకొని కూర్చుండెడివాడు. ఒక జెండా చూపిన "పొమ్ము" అని, మరియొక జెండా చూపిన "ఆగుము" అని అర్థము. మన స్టేషన్లలో పచ్చజెండా, ఎర్రజెండా చూపు గార్డునకు అతడు వరుసకు తమ్ముడే.

జెండా కంటికి కనబడునంత దూరమే పని చేయును. విమానాశ్రయము దాటి మేఘములలోనికి పోయిన విమానమునకు ఎవరు దిక్కు? 1935వ సంవత్సరము డిసెంబరులో అమెరికాలోని నెవార్క్ నగరమున విమాన కంపెనీలవారు తామే కూడి ఒక కేంద్రమును పెట్టిరి. బల్ల మీద పటము పరచి, ఒక్కొక్క విమానమునకు ఒక్కొక్క చిన్న బిళ్ల ఉంచి, కబురు వచ్చినప్పుడెల్ల దానిని జరుపుచు లెక్క చూచుకొనిరి. మరుసటి సంవత్సరము జూలైలో ఆ పనిని ప్రభుత్వము తీసికొనెను. రెండవ ప్రపంచ యుద్ధములో పెరిగిన రాడారు, యుద్ధానంతరము బిళ్లల స్థానములో వెలుగు చుక్కలను తెచ్చినది. 1944వ సంవత్సరము డిసెంబరు 7వ తేదీన చికాగోలో 52 దేశములవారు ఒడంబడిక చేసికొనుటచేత విమానయాన నియమములు దేశదేశమునకు వేరు వేరుగా కాక, లోకమంతటికి ఒకటిగా ఏర్పడుటకు పునాది పడెను. మన దేశములో ఈ బాధ్యత 1995వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన ఏర్పడిన ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా వారిది.

తాడిపత్రి దాపున ఒక కూడలి

ఇప్పుడు ఈ పని ఎట్లు జరుగునో చూతము. మన పిల్లల బడి అట్లాసు తీసి, ముంబయి నుండి చెన్నైకి స్కేలు పెట్టి గీత గీయండి. ఆ గీత ఆదోనికి దగ్గరగా పోవును. హైదరాబాదు నుండి బెంగుళూరునకు మరియొక గీత గీసినయెడల అది కర్నూలుకు దగ్గరగా పోయి, మొదటి గీతను తాడిపత్రి దాపున ఖండించును. విమానములు ఎల్లప్పుడు ఇంత సూటిగా పోవు, వాటికి నిర్ణయించిన మార్గములు వేరుగ కలవు. అయినను ఉదాహరణకు ఈ గీతలు చాలును.

విమానములను వేరుపరచుటకు మొదటి సాధనము ఎత్తు. తూర్పు వైపు దిక్కులకు పోవు విమానములకు 31,000, 33,000, 35,000 అడుగులవలె బేసి వేలు, పడమటి వైపునకు పోవువాటికి 32,000, 34,000, 36,000 అడుగులవలె సరి వేలు అని సాధారణ నియమము. ఎదురెదురుగా వచ్చునవి ఈ విధముగా ఒకదానిపై నొకటి వేయి అడుగుల ఎడముతో దాటిపోవును. పూర్వము 29,000 అడుగులకు పైన రెండువేల అడుగుల ఎడముండెడిది. ఎత్తును కొలుచు పరికరములు మరింత నిక్కచ్చియైనందున 2003వ సంవత్సరము నవంబరు 27వ తేదీ నుండి మన దేశములో అక్కడ కూడ వేయి అడుగులే చాలునని నిర్ణయించిరి.

అట్లయిన మనుష్యునితో పనియేమి అని అనుకొనవచ్చును. మన తాడిపత్రి కూడలినే చూడండి. ముంబయి నుండి చెన్నైకి పోవునది ఆగ్నేయముగా పోవును గనుక దానికి బేసి ఎత్తు. బెంగుళూరు నుండి హైదరాబాదునకు పోవునది ఉత్తరమునకు, కొంచెము తూర్పుగా పోవును గనుక దానికిని బేసి ఎత్తే. రెండును నియమము ప్రకారమే 33,000 అడుగులలో ఉండి, ఒకే నిమిషమున కూడలికి రావచ్చును. ఇద్దరు పైలట్లలో ఎవరిదియు తప్పు లేదు. అయినను ప్రమాదము కలదు. దీనిని ఎంతో ముందుగా కనిపెట్టి, ఒకరిని "మీరు 31,000 లోనే ఉండుడి" అనియో, "కొంచెము కుడికి తిరుగుడి" అనియో చెప్పవలసినవాడు కంట్రోలరు.

రెండవ సాధనము ఎడము. రాడారు తెర మీద చూచుచు నడుపుచోట సాధారణముగా 5 నాటికల్ మైళ్లు, అనగా 9 కిలోమీటర్లకు పైగా ఎడముంచుదురు. రాడారు లేనిచోట కాలమును లెక్క పెట్టుదురు. ఒకే ఎత్తున ఒకదాని వెనుక ఒకటి పోవువాటికి 10 నిమిషముల ఎడము ఆ లెక్కలలో పేరుపొందినది. పెద్ద విమానము నిమిషమునకు సుమారు 14 కిలోమీటర్లు పోవును గనుక, ఆ పది నిమిషములు కోసిగి నుండి అనంతపురము ఉన్నంత దూరము. ఎదురెదురుగా వచ్చు రెండు విమానములైతే కోసిగికి, ఆదోనికి మధ్యనున్న దూరమును ఒక్క నిమిషములో మింగివేయును. పైలటు ఎదుటి విమానమును కంటితో చూచి తప్పుకొందునను మాట అక్కడ చెల్లదు.

ముంబయి కేంద్రము తన హద్దు వరకు ఆ విమానమును కాచి, ముందుగానే చెన్నైవారికి తెలిపి, హద్దు వద్ద అప్పగించును. రాయచూరు నుండి గుంతకల్లు వరకు స్టేషను వెంట స్టేషను బండిని అప్పగించుకొనినట్లే ఇదియు. కంట్రోలరు ఏమి చెప్పినను పైలటు "సరే" అని ఊరకొనరాదు. విన్న ఎత్తును, దిక్కును తన నోటితో తిరిగి చెప్పవలెను. చెప్పినవాడు దానిని విని సరిచూడవలెను. ఒకరు చెప్పుట, ఒకరు తిరిగి చెప్పుట, మొదటివాడు మరల వినుట, ఈ మూడును జరిగినగాని మాట పూర్తి కాలేదని లెక్క.

రక్తముతో వ్రాయబడిన నియమములు

ఈ జాగ్రత్తలన్నియు ఊరక వచ్చినవి కావు. 1977వ సంవత్సరము మార్చి 27వ తేదీన టెనరిఫ్ దీవిలో దట్టమైన మంచులో రెండు జంబో విమానములు రన్‌వే మీదనే ఢీకొని 583 మంది చనిపోయిరి. ఒక విమానము ఇంకను రన్‌వే మీద ఉండగా, అనుమతి వచ్చినదని తలంచి రెండవది పరుగెత్తెను. టవరువారును పైలట్లును ఆడిన మాటలు అస్పష్టముగా ఉండెను. ఒకే సమయమున ఇద్దరు మాటలాడుటవలన రేడియోలో ముఖ్యమైన మాట మునిగిపోయెను. ఆ దినము తరువాత "టేకాఫ్" అను మాటను నిజముగా అనుమతి ఇచ్చునప్పుడు, లేక దానిని రద్దు చేయునప్పుడు తప్ప వాడరాదని నియమమాయెను. ఒక్క మాటకు అంత విలువ.

మన దేశములో 1996వ సంవత్సరము నవంబరు 12వ తేదీ సాయంకాలము హర్యానాలోని చర్ఖీ దాద్రీ పైన జరిగినది మరువరానిది. ఢిల్లీ నుండి బయలుదేరిన సౌదీ విమానము 14,000 అడుగులకు ఎక్కుచుండెను. ఢిల్లీకి వచ్చుచున్న కజకిస్తాన్ విమానమును 15,000 అడుగుల వద్ద నిలువవలెనని కంట్రోలరు చెప్పెను, ఎదురు వచ్చు విమానమును గూర్చియు హెచ్చరించెను. కజక్ విమానము ఆ ఎత్తున నిలువక క్రిందికి దిగెను. రెండు విమానములలోని 349 మందియు మరణించిరి. నేటి వరకు ఆకాశములో రెండు విమానములు ఢీకొనిన ప్రమాదములన్నిటిలో అది అతి ఘోరమైనది. జస్టిస్ లహోటీ విచారణ సంఘము ఎత్తు తప్పిన కజక్ విమాన సిబ్బందిని బాధ్యులుగా తేల్చెను.

అయినను విచారణ అంతటితో ఆగలేదు. వచ్చునవి, పోవునవి ఒకే దారిలో ఎందుకుండవలెను? కంట్రోలరు తెర మీద విమానమున్న చోటు కనబడెను గాని, దాని ఎత్తు కనబడలేదు, ఎందుచేత? ఈ ప్రశ్నలు పైకి వచ్చెను. అటు తరువాత ఢిల్లీలో రాకకు, పోకకు వేరు వేరు దారులు ఏర్పడెను. ఎత్తును కూడ తెలుపు రాడారు వాడుకలోనికి వచ్చెను. విమానములు ఒకదాని ఉనికి నొకటి కనుగొని పైలటును హెచ్చరించు టీకాస్ అను పరికరమును మన దేశములో తప్పనిసరి చేసిరి.

ఆ పరికరమున్నను 2002వ సంవత్సరము జూలై 1వ తేదీ రాత్రి జర్మనీలోని యూబర్లింగెన్ పైన రెండు విమానములు ఢీకొనెను. చనిపోయిన 71 మందిలో అనేకులు సెలవులకు పోవుచున్న రష్యా బడిపిల్లలు. ఆ ఆకాశమును చూచుచున్నది స్విట్జర్లాండులోని కేంద్రము. ఆ రాత్రి అక్కడ ఒక్క కంట్రోలరే రెండు బల్లల పని చూచుచుండెను. తోటి ఉద్యోగి విశ్రాంతికి పోయెను. మరమ్మతుల నిమిత్తము ముఖ్యమైన ఫోను లైను ఆపివేయబడియుండెను. హెచ్చరిక చేయు ఏర్పాటును పూర్తిగా పని చేయుటలేదు. ఆయన ఒక విమానమును దిగుమని చెప్పెను. అదే సమయమున ఆ విమానములోని పరికరము ఎక్కుమని చెప్పెను. సిబ్బంది మనుష్యుని మాట వినిరి. రెండవ విమానము తన పరికరము మాట విని దిగెను. ఇట్లు రెండును దిగి కలిసెను.

దీని తరువాతి కథ మరింత దుఃఖకరము. ఆ ప్రమాదములో భార్యను, ఇద్దరు బిడ్డలను పోగొట్టుకొనిన ఒక తండ్రి 2004లో ఆ కంట్రోలరును అతని ఇంటి వద్దనే చంపెను. కాని 2007లో స్విస్ న్యాయస్థానము ఆ సంస్థకు చెందిన మరి నలుగురిని దోషులుగా తీర్మానించెను. ఒక మనుష్యుని ఒంటరిగా, చేతిలో తగిన సాధనములు లేకుండ కూర్చుండబెట్టిన ఏర్పాటే తప్పని ఆ తీర్పు వలన లోకమునకు తేటపడెను. పరికరమునకు, కంట్రోలరునకు భేదము వచ్చినప్పుడు పరికరము మాటనే వినవలెనని నియమమును స్పష్టపరచిరి.

ఈ మూడు ప్రమాదములను కలిపి చూచినయెడల ఒక సంగతి కనబడును. ఎక్కడను ఒక్క మనుష్యుని నేర్పు మాత్రమే చాలలేదు. ఒకచోట మాట తేటగా లేదు. ఒకచోట చెప్పిన మాట పాటింపబడలేదు, దానిని సరిచూచుటకు సాధనము లేదు. ఒకచోట కావలివాడు ఒంటరివాడు. రైలు మార్గములో ఒంటి స్టేషను మాస్టరు ఎంత సమర్థుడైనను అవతలి స్టేషను జవాబు లేనిదే బండి వదలరాదని పెద్దలు ఎందుకు కట్టడి చేసిరో ఇప్పుడు మనకు బాగుగ అర్థమగును. క్షేమము ఇద్దరి మధ్య ఉండునది. ఒకడు తన చేతిలో దాచుకొనునది కాదు.

మన ముంగిటికి

2021వ సంవత్సరము మార్చి 25వ తేదీన మన జిల్లాలో ఓర్వకల్లు విమానాశ్రయము ప్రారంభమాయెను. దానికి ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టిరి. అదే నెల 28వ తేదీన ప్రయాణికుల విమానములు మొదలాయెను. ఒకప్పుడు పత్రికలలో మాత్రమే చదివిన కంట్రోల్ టవరు ఇప్పుడు కర్నూలుకు పోవు దారిలోనివారికి దగ్గరి వస్తువు.

మన యువజనులకు ఒక మాట. ఈ ఉద్యోగము ఆకాశమంత ఎత్తున ఉన్నదని బెదరనక్కరలేదు. ఇటీవలి ప్రకటనలలో భౌతికశాస్త్రము, గణితము చదివిన బి.యస్సీ. పట్టభద్రులను, ఇంజనీరింగు చదివినవారిని దీనికి అర్హులుగా పేర్కొనుచున్నారు. ఎంపికయైనవారికి శిక్షణ ఇచ్చు కేంద్రములలో అలహాబాదులోనిది, ఇప్పటి ప్రయాగ్‌రాజ్‌లోనిది, పేరుపొందినది. ఇంగ్లీషు తేటగా మాటలాడవలెను, తేటగా వినవలెను. లెక్కలు భయములేకుండ చేయగలుగవలెను. కోసిగి, ఆదోని, ఎమ్మిగనూరు బడులలో చదివిన పిల్లలకు ఇవి అందని పండ్లు కావు. అన్నిటికన్న ముఖ్యమైనది, అలసినప్పుడు "అలసితిని, మరియొకరిని కూర్చుండబెట్టుడి" అని చెప్పగల నిజాయితీ. కంట్రోలర్లకు డ్యూటీ గంటలును, మధ్య విశ్రాంతియు నిర్ణయించియుండుట వారిపై దయచేత కాదు, పైనున్నవారి ప్రాణముల కొరకు.

ప్రయాణికులమైన మనకును ఒక బాధ్యత కలదు. విమానము ఆలస్యమైనప్పుడు, దిగవలసిన ఊరి పైన అది అరగంట చుట్లు తిరిగినప్పుడు మనము విసుగుకొందుము. ఔటరు సిగ్నలు వద్ద బండి ఆగినప్పుడును ఇంతే. ముందున్నవారు తొలగువరకు మనలను ఆపిన చేయి మనలను కాపాడిన చేయియే. లైన్ క్లియర్ రాలేదు గనుకనే బండి ఆగినది. వచ్చినప్పుడు కదలును.